ఎర్ర స్తంభం

సుత్తి మొదటి దెబ్బకే సింధూరి ముందున్న స్క్రీను భళ్ళున పగిలింది. రెండో దెబ్బ దాని పక్కనున్న చిన్న నల్ల డబ్బా మీద పడింది. మూడోది, అడ్డం వచ్చిన విఘ్నేష్ మోచేతి మీద. ఎముక విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది.

మైలాపూరులోని ఆ డిజైన్ ఆఫీసులో భోజనాల వేళ వాళ్ళిద్దరే ఉన్నారు. చొరబడింది కూడా ఇద్దరే. ఒక బిల్డింగు యజమాని పంపిన గోవిందన్, వాడి మనిషి మాదయ్య. మాదయ్య తలుపు గడియ పెట్టి, ఇనప రాడ్డుతో మిగిలిన స్క్రీన్లను వరసగా పగలగొట్టుకుంటూ పోయాడు. కిటికీ బయట రైలు వెళ్తోంది. లోపలి కేకలు దాని చప్పుడులో కలిసిపోయాయి.

గోవిందన్ సింధూరి జుట్టు పట్టి లేపాడు.

"మా ఓనరు, మొదలాళి కట్టించిన బిల్డింగు బొమ్మ చేసింది నువ్వేనా?"

"నేనే. మీరు పగలగొట్టిన దాంట్లోనే ఉండింది. పోయింది. ఇంక మమ్మల్ని వదలండన్నా."

వాడు ఆమె చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి జారింది.

"అబద్ధం చెప్పబాకమ్మా. మొదలాళి అంతా కనుక్కోనే పంపినాడు. ఈడ ఉండేవన్నీ ఉత్త డబ్బాలంట. అసలు కంప్యూటరు యాడో ఉంటుందంట. పనంతా ఆడ జరిగి, ఈడికి బొమ్మ మాత్రం వస్తుందంట. నిజమేనా?"

సింధూరి తల ఊపింది. "తెలిసి కూడా ఎందుకు పగలగొట్టినారు?"

"నీకు భయం రావాల గదా."

గుమ్మం దగ్గరి బల్ల మీద పాత లాప్‌టాప్ ఒకటి మిగిలింది. గోవిందన్ ఆమెను దాని ముందుకు ఈడ్చాడు. "దీంట్లో తెరువు. నా కళ్ళ ముందర తీసెయ్యాల."

"వద్దు సింధూ," నేల మీద నుంచి విఘ్నేష్ అన్నాడు. "సాయంత్రం కార్పొరేషన్ ఆఫీసర్లు దాన్ని చూడాల. ఆ ఇళ్ళల్లో మనుషులుండారు."

మాదయ్య బూటు కాలితో విరిగిన మోచేతిని తొక్కాడు. విఘ్నేష్ గొంతు చీరుకుపోయేలా అరిచి, మధ్యలోనే స్పృహ తప్పాడు.

సింధూరి పాస్‌వర్డ్ కొట్టింది. తప్పు పడింది. వెనక నుంచి మెడ మీద దెబ్బ పడింది. మళ్ళీ కొట్టింది.

లాప్‌టాప్ మీద బిల్డింగు మెల్లగా తిరుగుతూ కనిపించింది. సుత్తి పడ్డప్పుడు ఆమె ఎంతవరకు చేసి వదిలిందో అంతవరకు చెక్కుచెదరకుండా ఉంది. ఎక్కడో దూరాన పెద్ద యంత్రాలు గీసి పంపుతున్న ఆ బొమ్మలో గోడల మీది చెమ్మ మరకలు కూడా కనిపిస్తున్నాయి. లేజర్ స్కానర్‌తో చుట్టూ, రాడార్‌తో స్తంభాల లోపలా కొలిచి చేసింది. కిటికీ ఊచలు, బాల్కనీల్లో ఆరేసిన చీరలు, గ్రిల్లుకి కట్టిన చిన్న సైకిల్, అన్నీ ఉన్నట్టే ఉన్నాయి. కింది అంతస్తులో గోడలు మాత్రం అద్దంలా పలచబడి, మూలన ఒక స్తంభం ఎర్రగా వెలుగుతోంది.

"మొత్తం పోవాల. మళ్ళీ యాడా దొరకగూడదు," అన్నాడు మాదయ్య.

సింధూరి ఫైలుని ఎంచుకుంది. తీసెయ్యాలా అని అడుగుతూ చిన్న గడి వచ్చింది. "ఇది నొక్కితే ఇంక రాదు," అంది. ఆమె వేలు కదల్లేదు.

గోవిందన్ ముందుకు వంగాడు. వాడి ఊపిరి ఆమె చెవికి తగులుతోంది.

"తొండియార్‌పేట గోడౌనని గదా మొదలాళి చెప్పినాడు?"

"కాదు. మాధవరంలో, పాల కాలనీ వెనక. పోయిన సంవత్సరం కట్టింది."

వాడు సుత్తితో స్తంభం వైపు చూపించాడు. "ఆ ఎర్రది ఏంది?"

"లోపల ఉండాల్సిన ఇనుము లేదు. పగులు పైదాకా పోయింది. బరువు తట్టుకోలేదు."

"ఎప్పుడు పడిపోతుంది?"

"ఏమో అన్నా. రేపో, ఇప్పుడో. అందుకే గదా సాయంత్రమే చూపించాలనుకున్నాం."

"మూడో అంతస్తు దగ్గరికి తీసుకురా."

ఆమె దగ్గరికి తెచ్చింది. వాడు గ్రిల్లుకి కట్టిన ఆ చిన్న సైకిల్‌ని కన్నార్పకుండా చూశాడు. సుత్తి పట్టుకున్న చేతి నరాలు ఉబ్బాయి. వాడి ముఖం చూడలేక సింధూరి కళ్ళు మూసుకుంది.

"ఏందన్నా, సినిమా చూస్తా ఉండావు. మొదలాళి కాచుకోనుంటాడు. జరుగు, నేనే నొక్కుతా," అంటూ మాదయ్య లాప్‌టాప్ మీదికి చెయ్యి చాపాడు.

సుత్తి పడింది.

తనకి ఏమీ తగలలేదని తెలియడానికి సింధూరికి కొంచెం సేపు పట్టింది. కళ్ళు తెరిచేసరికి మాదయ్య మణికట్టు పట్టుకుని నేల మీద దొర్లుతున్నాడు. వేళ్ళు ఒకవైపు, చెయ్యి ఒకవైపు తిరిగి ఉన్నాయి. లాప్‌టాప్ మీద ఆ చిన్న గడి ఇంకా జవాబు కోసం చూస్తూనే ఉంది.

"పిచ్చి పట్టిందా నీకు?" మాదయ్య ఏడుస్తున్నాడు. "మొదలాళికి నేనేం చెప్పేది?"

గోవిందన్ వాడి ముఖం మీద తన్నాడు. పళ్ళూడి నెత్తురు కక్కుకునేదాకా తన్నాడు. సుత్తి కింద పడేసి ఫోను తీశాడు. రక్తంతో జారిపోతున్న వేలిని చొక్కాకి తుడుచుకుని నంబరు నొక్కాడు. అవతల ఎత్తేదాకా వాడి చూపు ఆ ఎర్ర స్తంభం మీదే ఉంది.

"జయంతీ, స్టవ్వు కూడా ఆపబాకు, బిడ్డనెత్తుకోని మెట్లు దిగి రోడ్డు మీదికి పరిగెత్తు," అన్నాడు.