శుక్రవారం తెలియని గోడ

శుక్రవారం ఉదయం ఆరూ పదికి తిరుపతమ్మ స్నానం చేస్తుండగా బాత్రూం గోడ నీలం నుంచి పసుపురంగుకు మారింది. పాత గచ్చు తీయించి, కాలు జారని టైల్స్ పరిపించి, గోడకు ఆ రంగు వేయించి నాలుగు రోజులైంది; అంతా ఆరాక వాడటం ఇవాళే మొదలు. మనిషి ఒంటిని చూసి మారే ఆ రంగు ఇప్పుడు తెనాలిలో ఇంటింటా ఉంది. నీలమైతే నలత లేనట్టు. పసుపైతే కామెర్లు.

తిరుపతమ్మ రంగు వేసిన మస్తానుకు ఫోన్ చేసింది.

"ఒంటికి పసుపు రాసుకున్నావా పిన్నీ?" అన్నాడతను.

"శుక్రవారం గదయ్యా."

"పొద్దుట్నుంచి నీది ఆరో ఫోను. గోడకి శుక్రవారం తెలవదు. సబ్బెట్టి రుద్దుకో, అదే సర్దుకుద్ది."

రుద్దుకుంది. గోడ నీలమైంది.

ఆమె భర్త పానకాలుకు ఈ రంగు మొదటినుంచీ ఇష్టం లేదు. వారంగా అన్నం సయించడం లేదు. ఎండ వల్లేనని మజ్జిగ తాగుతున్నాడు.

"నా ఒంట్లో ఎట్టా ఉందో గోడ చెప్పాలా?" అంటూ స్నానానికి వెళ్లాడు. లోపల్నుంచే కేకేశాడు. "నీ పసుపు ఇంకా వదల్లేదే. గోడంతా అదే రంగు."

తిరుపతమ్మ అతన్ని బయటకు పిలిచి తాను లోపల నిలబడింది. గోడ నీలమైంది. తాను వచ్చేసి అతన్ని పంపింది. పసుపైంది.

"నువ్వు గానీ రాసుకున్నావా?"

"నాకేం పని?"

వాకిట్లో వెలుతురుకు తీసుకెళ్లి, అతని కంటిరెప్ప కిందికి లాగి చూసింది.

"చొక్కా వేసుకో."

"కాసిని మజ్జిగ తాగి..."

"వేసుకోవయ్యా."

ఏడుంపావుకు ఇద్దరూ ఆసుపత్రికి ఆటో ఎక్కారు.