గోల్ఫ్ మావయ్య

“ఆదివారం పొద్దున్న ఖాళీయేనా?” అని అడిగాడు కళ్ళజోళ్ళ షాపాయన.

బస్సు డ్రైవరు వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. గడ్డం యంత్రం మీద ఆనించి, నుదురు పట్టీకి తగిలించి, కదలొద్దంటే కదలకుండా కూర్చున్నాడు. అడకత్తెరలో పోకచెక్క అంటే అదే. షాపాయన ఒక కన్ను చూడటం ముగించి, యంత్రాన్ని రెండో కంటి వైపు జరుపుతూ, ఊరి చివర మైదానంలో కొత్తవాళ్ళకి గోల్ఫ్ ఉచితంగా నేర్పుతున్నారనీ, కర్రలు, బంతులు వాళ్ళే ఇస్తారనీ, పైగా దూరంగా పచ్చదనం చూడటం కళ్ళకి మంచిదనీ చెప్పాడు. ఆ చెప్పడంలో ఉత్సాహమేమీ లేదు. రేపు వాన పడొచ్చు అన్నట్టు చెప్పాడంతే. అయినా లేచేలోపల డ్రైవరు వస్తానని ఒప్పుకున్నాడు. ఆ కుర్చీలో కూర్చుని ఒప్పుకోకుండా లేచినవాళ్ళు అరుదు.

నిన్నమొన్నటి దాకా షాపాయన కూడా గోల్ఫ్ కర్ర ముట్టుకున్న మనిషి కాడు. భార్య పోయిన కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం, టీవీ అడుగున అక్షరాలు కదిలాయి. చూసేవాళ్ళు తక్కువైనందువల్ల ఈ గోల్ఫ్ చానెల్‌ను త్వరలో ఆపేస్తున్నామని ఆ అక్షరాల సారాంశం. మర్నాడే ఆయన షాపు మూసేసి చానెల్ ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడ కార్యక్రమాలు చూసుకునే అమ్మాయి ఆశ్చర్యపోయింది. ఆ చానెల్ ఆపొద్దని అడగడానికి అంతదూరం వచ్చిన మొదటి ప్రేక్షకుడు ఆయనే.

“ఆడేవాళ్ళే లేరు కదండీ మన దగ్గర. ఆడేవాళ్ళుంటే చూస్తారు, చూస్తే ప్రకటనలొస్తాయి. అప్పుడు ఎవరూ ఆపరు,” అంది. పెద్దాయన్ని ఉత్తచేతులతో పంపడం ఇష్టంలేక అన్న మాట అది.

ఆయన మాత్రం ఆ మాటనే పట్టుకున్నాడు. ఆడేవాళ్ళు కావాలంటే తనతోనే మొదలుపెట్టాలి కదా. ఆ వారమే మైదానానికి వెళ్ళి కర్ర పట్టాడు. తర్వాత షాపుకొచ్చినవాళ్ళ చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరాడు. పక్క షాపు దర్జీని తీసుకెళ్ళాడు. దర్జీ తన తోడల్లుణ్ణి లాక్కొచ్చాడు. ఇద్దరు నర్సులు, బ్యాంకు కాపలాదారు, మోకాళ్ళ నొప్పులావిడ, ఆవిణ్ణి చూసి ఆవిడ ఆడపడుచు. వీధిలో అందరూ ఆయన్ని గోల్ఫ్ మావయ్య అనడం మొదలుపెట్టారు. ఆయన కాదనలేదు, నవ్వనూ లేదు.

మైదానంలో నేర్పే కోచ్‌కి ఆయనంటే మహా గురి. బంతి కొట్టిన క్షణంలో తల ఎత్తకూడదన్నది గోల్ఫ్‌లో మొదటి పాఠం. బంతి ఎక్కడ పడిందో చూడాలన్న ఆత్రం కొద్దీ ప్రతివాడూ తల ఎత్తేస్తాడు, దెబ్బ వంకరపోతుంది. ఈయన ఎత్తడు. కొట్టాక కూడా అలా నేల వైపే చూస్తూ నిలబడతాడు.

“చూడండి, ఆ నిలకడ చూడండి. కొందరికి పుట్టుకతో వస్తుంది,” అని కోచ్ మిగతావాళ్ళని దెప్పాడు.

నిజానికి ఆ బంతి ఎటు పోయినా ఆయనకి ఒకటే.

ఈ సంగతంతా కూతురు వింటూనే ఉంది. ఆమె అదే ఊళ్ళో రెండు పేటల అవతల ఉంటుంది. తల్లి పోయినప్పుడు తండ్రి కంటతడి పెట్టలేదు. మనిషి కొయ్యబారిపోయాడు, ఇలాగే ఉండిపోతాడేమోనని ఆమె భయపడింది. ఇప్పుడు ఎప్పుడొచ్చినా ఆ ఇంట్లో గోల్ఫే. ఆయన వంటింట్లో ఉన్నా, స్నానానికి వెళ్ళినా, ఖాళీ గదిలో టీవీ వ్యాఖ్యాత గుసగుసగా చెప్పుకుపోతూనే ఉంటాడు. పోన్లే, ఏదో ఒక పిచ్చి పట్టి మనుషుల్లో పడ్డాడని ఆమె కుదుటపడింది. భర్తతో ఆ మాటే చెప్పి, చాలాకాలానికి హాయిగా నిద్రపోయింది.

ఆదివారాలు మైదానం చాలనంతమంది పోగయ్యేసరికి చానెల్‌వాళ్ళు కెమెరాలతో దిగారు. దర్జీ కొత్త చొక్కా కుట్టుకొచ్చాడు. డ్రైవరు బంతిని కొట్టబోయి గడ్డి పెళ్ళ లేపాడు. దాన్నే టీవీలో మళ్ళీ మళ్ళీ చూపించారు. మామూలు మనుషులు ఆడుతున్న ఆ కార్యక్రమం చూసి ఇంకో పేటవాళ్ళు, ఇంకో ఊరివాళ్ళు మొదలుపెట్టారు. గోల్ఫ్‌లో మీకు దొరికిందేమిటని చానెల్ ఆఫీసు అమ్మాయి మైకు పెట్టి అడిగితే, అలవాటైపోయిందని చెప్పాడు షాపాయన. ఎంత నిండు మనిషోనని చూసినవాళ్ళు అనుకున్నారు.

ఆ నెలాఖరుకి ఆ అమ్మాయే షాపుకి పరుగెత్తుకొచ్చింది. చానెల్ ఆపడం లేదు, బొమ్మ కూడా ఇంకా స్పష్టంగా వస్తుందట. దర్జీ చప్పట్లు కొట్టాడు. ఆమె కళ్ళు చెమర్చాయి, తన ఉద్యోగమూ దాంతోపాటే నిలబడింది మరి.

“నంబరు మారదుగా?” అని అడిగాడు షాపాయన.

“మారదండీ.”

“అయితే సరే,” అని, పక్కన పెట్టిన కళ్ళజోడు మరలు మళ్ళీ బిగించుకోవడంలో పడ్డాడు.

సాయంత్రం కూతురు వచ్చింది. టీవీలో ఎవరో వంగుని, గుంట పక్కన గడ్డి చూసుకుంటున్నారు. ఆమె తండ్రి పక్కనే కూర్చుంది.

“ఆదివారం నేనూ వస్తాను నాన్నా. నీకింత ఇష్టమైన ఆట నాకూ నేర్పించు.”

“ఇష్టమేమీ లేదమ్మా. ఎందుకు ఆడతారో నాకిప్పటికీ తెలీదు.”

వేళాకోళమనుకుని నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

“మరి ఈ చానెల్ ఉండాలని ఇంతమందిని ఎందుకు పోగేశావు?”

ఆయన తెర వైపు చెయ్యి చూపించాడు.

“మీ అమ్మ చానెళ్ళు మారుస్తూ మారుస్తూ, దీని దగ్గరికొచ్చేసరికి పోయింది.”