తక్కువ కొటేషన్

మేడమెట్ల దగ్గర చెప్పులు విడిచి, ఒక ముసలాయన ఎవర్నీ అడక్కుండా పైకి వచ్చేశాడు.

పైన తిరుమలరావు ఫోన్లోనే మాట్లాడి తెప్పించుకున్న రెండు కొటేషన్లు ముందేసుకుని కూర్చున్నాడు. రుషికొండలో కొత్తిల్లు పూర్తయింది. మేడ మీద సముద్రం వైపు వేయించిన చెక్క డెక్కుకి రైలింగు ఒక్కటే మిగిలింది.

అల్యూమినియం అయితే లక్షా అరవై వేలు. పాత మరబోటు టేకు చెక్కతో అయితే లక్షా పది.

యాభై వేలు తేడా. ఆడిట్ ఆఫీసులో ముప్పయ్యేళ్లు పనిచేసిన మనిషికి ఇంక ఆలోచించడానికేముంది?

రైలింగు వచ్చేదాకా అంచు పొడుగునా సరుగుడు కర్రలు కట్టించాడు. వాళ్లమ్మ సన్యాసమ్మ వాటిని పట్టుకుని అటూ ఇటూ నడుస్తోంది. ఆవిడకి చూపు ఆనదు. సముద్రపు గాలి ఒంటికి తగిలితే చాలు, చిన్నపిల్లలా మురిసిపోతుంది. ఆ డెక్కు వేయించింది ఆవిడ కోసమే.

ముసలాయన ఆవిడనే చూస్తూ నిలబడిపోయాడు.

"ఎవరు కావాలయ్యా?" అన్నాడు తిరుమలరావు.

"ఆయమ్మ మీ అమ్మగారా బాబూ?"

"అవును. అయితే ఏంటి?"

"బరువంతా కర్ర మీదే ఏసి నడుత్తన్నారు." ముసలాయన డెక్కు అంచు కేసి చెయ్యి చూపించాడు. "సెక్క రైలింగొద్దు బాబూ. అల్యూమినియం ఏయించండి."

తిరుమలరావుకి సంగతి అర్థమైపోయింది. ఊళ్లో ఇల్లు కడుతున్నామంటే చాలు, టైల్సు కొట్టువాడు ఒకణ్ణి, పెయింట్ల కొట్టువాడు ఒకణ్ణి కమీషన్ మీద తోలతాడు. ఎవరేం చెప్పినా ఇందులో వీడికేంటి లాభం అని వెతకడం ఆయనకి ఉద్యోగంలో అబ్బిన విద్య.

"సముద్రంలో ముప్పయ్యేళ్లు తిరిగిన టేకు, నా మేడ మీద ఉండదా?"

"నీళ్లలో ఉన్నన్నాళ్లూ దానికి ఢోకా నేదు బాబూ. గట్టెక్కి ఎండా వానా తగిల్తే, పాత మేకుల కన్నాల కాడ లోపల్నుంచి పుచ్చుతాది. పైకి నున్నగానే ఉంటాది. ఏదో ఓ రోజు ఆయమ్మ సెయ్యేసేసరికి..."

ముసలాయన సరుగుడు కర్ర ఒకటి పట్టి ఊపి చూశాడు.

"అల్యూమినియంలో మందం ఉన్నది సూసుకోండి. ఇనప స్క్రూలు ఎయ్యనివ్వకండి, ఉప్పుగాలికి తినేత్తాది. స్టీలువి అడగండి."

"అంతా బాగానే అప్పజెప్పావు. ఆ అల్యూమినియం షాపువాడు నీకెంత ఇస్తానన్నాడు?"

"బాబూ?"

"నాచేత యాభై వేలు ఎక్కువ పెట్టిస్తే నీకెంత? ఐదా, పదా? చూపులేని ముసలిదాన్ని అడ్డం పెట్టుకుని కమీషన్ తింటావా? ఈ వయసులో సిగ్గు లేదూ?"

"ఒరే, అంతేసి మాటలేట్రా!" అంది సన్యాసమ్మ.

ముసలాయన అంచు దగ్గరికి నడిచాడు. ఒక చోట సరుగుడు కర్ర కట్టు వదులైంది. దాన్ని విప్పి, గట్టిగా బిగించి ముడేసి, గబగబా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సాయంత్రం తిరుమలరావు కిందికి దిగితే మెట్ల దగ్గర అరిగిపోయిన చెప్పుల జత కనిపించింది.

'బ్రోకరు చెప్పులు' అనుకుని, కాలితో గేటు బయటికి తన్నేశాడు.

గేటు దగ్గరే నిలబడి, చెక్క కొటేషన్ మీదున్న నంబరుకి ఫోన్ చేశాడు.

"తాతబాబు మేస్త్రి ఉన్నారా?"

"నాను ఆయన కూతుర్ని, సెంద్రికనండి. రుషికొండ బాబుగారా?"

"అవునమ్మా. మీ కొటేషనే ఖాయం చేశాను. రేపు మీ నాన్నని కొలతలకి రమ్మను."

"మా నాన్న నేడండి. మద్దినం బండికి పని ఎతుక్కుంటా పారాదీప్ ఎలిపోనాడు."

"అదేంటి, ఇక్కడ పని పెట్టుకుని?"

"మీ పని సెయ్యనన్నాడండి. ఇప్పుడన్నీ ఫైబర్ బోట్లే కదా, మూణ్ణెల్లై సేతిలో పని నేదు. మీదొక్కటే ఒచ్చింది. ఎందుకొద్దని దెబ్బలాడాను. సూపానని ఆయమ్మ నా సెక్కని నమ్ముకుని నడవకూడదన్నాడు."

పొద్దున్న తనన్న 'సిగ్గు లేదూ' అన్న మాట ఇప్పుడు తిరుమలరావు మొహానే వచ్చి తగిలింది. ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

"ఆయన నంబరు... ఒకసారి ఇవ్వమ్మా."

"మా ఇద్దరికీ ఈ ఫోనొక్కటేనండి." ఆ పిల్ల తటపటాయించింది. "ఏటనుకోకపోతే ఒక్క మాటండి. సెక్క మీద సెప్పుకాలు ఎయ్యడం మా నాన్నకి పడదు, బోటైనా ఇల్లైనా కిందే ఇడుత్తాడు. పొద్దున్న సోటు సూద్దారని మీ ఇంటికొచ్చి, ఎండలో ఒట్టికాళ్లతో తిరిగొచ్చాడు. అలాగే బండెక్కేశాడు. ఆ సెప్పులు మీ మెట్ల కాడ గానీ ఉండిపోనాయాండీ?"