తలుపు పక్క మనిషి

"ఆయన ఇక్కడుంటే నేను నోరు విప్పనండీ" అన్నాడు డాక్టర్ రామచంద్రమూర్తి.

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఆ 'ఆయన' రెండు గజాల దూరంలో, తలుపు పక్క స్టూలు మీదే ఉన్నాడు.

అది అరవై నాలుగో సంవత్సరం. అబిడ్స్ సందులో డాక్టర్ ప్రేమలీల క్లినిక్కు. గురువారం మధ్యాహ్నం రోగులు పల్చబడగానే వెనక గదిలో నలుగురు డాక్టర్లు చేరతారు. ప్రేమలీల, అఫ్జల్‌గంజ్ నుంచి వామన్‌రావు, లక్డీకాపూల్ నుంచి సుందర్‌రాజ్. కొత్తగా చేరినవాడు మూర్తి. గుడివాడ నుంచి వచ్చి నాంపల్లి స్టేషన్ దగ్గర బోర్డు పెట్టి ఆరు నెలలైంది.

అక్కడ ఒకటే షరతు. నయమైన కేసు ఎవరూ చెప్పకూడదు. కుదరనిదే చెప్పాలి.

యాభై దాటిన వామన్‌రావు కూడా "ఈ వారం నేను గిట్ల తప్పు చేసిన" అని పరీక్ష పోయిన పిల్లాడిలా మొదలుపెడతాడు. ఎవరూ నవ్వరు. ప్రశ్నలు వేస్తారు. చాయ్ చల్లారిపోతుంది.

అదంతా మూర్తికి నచ్చింది. నచ్చనిదల్లా వెంకటనర్సయ్య.

ఆయన డాక్టరు కాదు, కాంపౌండరూ కాదు. స్టేషన్ రోడ్డులో గడియారాలు బాగుచేసే ముసలాయన. అయినా అందరికంటే ముందొచ్చి కూర్చుంటాడు. ఎవరు చెప్పడం ముగించినా ఒకే మాట అడుగుతాడు.

"ఇంకో డాక్టరును అడిగిన్రా సారూ?"

"ఎవరండీ ఈయన?" అని మూర్తి మొదటి వారమే ప్రేమలీలను అడిగాడు.

"మనవాడే. కూర్చోనీ నాయనా" అంది. అంతకుమించి చెప్పలేదు.

మన తప్పులు విని ఈయన రేపు బజారంతా టముకు వేస్తే? అసలే కొత్త బోర్డు! అందుకే రెండు గురువారాలు మూర్తి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

కామాక్షి అనే రోగి కేసు మాత్రం అతణ్ణి వదలడం లేదు.

ఆమెకు ఇరవై రెండేళ్లు. చంకలో ఏడాది పిల్ల. నెలన్నరగా టానిక్కులు ఇస్తున్నా మనిషి పూచికపుల్ల అయిపోతోంది. ఆ పొద్దున వచ్చి, "డాక్టరుగారూ, పిల్ల నడిచేదాకా ఉంటానా?" అంది. మూర్తికి మధ్యాహ్నం అన్నం సహించలేదు. ఇవాళ చెప్పక తప్పదు. చెబుదామంటే ఎదురుగా ఈయన.

మూర్తి అన్న మాట వినగానే వెంకటనర్సయ్యే లేచాడు.

"నేను బయట కూసుంట సారూ. ఫికర్ చేయకున్రి. మీ మనసుల ఉన్నది చెప్పున్రి."

స్టూలు తనే ఎత్తుకుని వసారాలోకి పోయాడు. పోతూ తలుపు దగ్గరగా వేశాడు.

మూర్తి చెప్పాడు. కాన్పు నీరసం అనుకున్నానన్నాడు.

"సాయంత్రం జ్వరం చూశావా?" అంది ప్రేమలీల.

"ఆవిడ వచ్చేది పొద్దున్నేనండీ. అప్పుడు ఉండదు."

"నీ క్లినిక్కు తెరిచే వేళ చూసుకుని రావాలా నాయనా, జ్వరం?"

"దగ్గుందా?" అన్నాడు సుందర్‌రాజ్.

"కొంచెం. ఇంట్లో మామగారికీ ఉందట. చలికాలం కదా అని..."

వామన్‌రావు కప్పు కింద పెట్టాడు. "ఏ ఇల్లు?"

"మల్లేపల్లి. గుమాస్తా గోపాలరావుగారిల్లు."

వామన్‌రావు నెత్తి కొట్టుకున్నాడు.

"ఆమె మామ నా తాననే టీబీ మందు తింటుండు! ఇంట్ల ఎవ్వలకు చెప్పొద్దని నా చేతులు పట్టుకున్నడు. నేను గూడ ఇంట్లోల్లను చూడకపోతి!"

ఒకే ఇల్లు, ఇద్దరు డాక్టర్లు. ఒకరి మాట ఒకరికి తెలియదు.

మర్నాడే ఎక్స్‌రే తీయించారు. అనుమానం నిజమే. సూదులు మొదలుపెట్టారు. మూడు వారాలకు కామాక్షికి జ్వరం తగ్గింది. అన్నం అడిగి పెట్టించుకుంటోంది.

ఆ మూడు వారాలూ వెంకటనర్సయ్య వసారాలోనే కూర్చున్నాడు. లోపలికి రమ్మందామని మూర్తికి ఉంది. కానీ ఏ మొహం పెట్టుకుని పిలవడం? వచ్చే వారం చూద్దాంలే అనుకున్నాడు. చదువుకున్నవాడి సిగ్గు అంత తొందరగా పోదు మరి.

నాలుగో గురువారం గట్టిగా అనుకుని వచ్చాడు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకురావాలి. కామాక్షి సంగతి తనే చెప్పాలి.

వసారా ఖాళీగా ఉంది.

"సోమవారం పోయాడు" అంది ప్రేమలీల. "నిద్రలోనే."

మూర్తి గడప మీదే కూర్చున్నాడు.

"నా మీద కోపంతోనే పోయాడా మేడమ్?"

"కోపమా? 'మూర్తి సారు మాట్లాడిండా?' అని ప్రతివారం అడిగేవాడు. మాట్లాడాడంటే సంతోషంగా ఇంటికి పోయేవాడు."

మూర్తికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"ఇంతకీ ఆయనెవరండీ?"

వామన్‌రావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు. తెలిస్తే కొత్త డాక్టర్లు ఆయన ముంగల భయపడతరని."

మిగతాది ప్రేమలీల చెప్పింది.

"ఏడేళ్ల కిందట జ్వరంతో ఉన్న ఒక్కగానొక్క కూతుర్ని మా ముగ్గురి దగ్గరికీ తిప్పాడు. ఒకరు ఏం మందిచ్చారో ఇంకొకరం అడగలేదు. పిల్ల దక్కలేదు. దినాలు కాగానే మా ముగ్గురినీ ఈ గదిలో కూర్చోబెట్టి, 'వారానికి ఒక్క పూటన్న ఒకరితోనొకరు మాట్లాడుకోన్రి సారూ' అని చేతులు జోడించినవాడు ఆయనే, మూర్తీ."