బస్సయితే నేరుగా ఇంటికే

రైలెక్కుదామని చెల్లెలు, బస్సెక్కుదామని అన్న. విమానాశ్రయం బయట రెండు సూట్‌కేసులు మధ్యలో పెట్టుకుని అయిదు నిమిషాలుగా ఇదే వాదన.

"రైల్లో అయితే అరగంటలో ఇంట్లో ఉంటాం అన్నయ్యా" అంది ఆమె మళ్ళీ.

అన్న ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. రైలు మధ్యలో రెండుచోట్ల మారాలి. రెండో స్టేషన్లో లిఫ్టు పని చెయ్యడం లేదు, వస్తూ వస్తూ కళ్ళారా చూశాడు. ఈ సామానుతో డెబ్బై మెట్లు దిగితే అరగంట అక్కడే హరీమంటుంది. ట్యాక్సీ లైను చూస్తే పార్కింగు గోడదాకా పాకింది. బస్సేమో ఎదురుగానే ఉంది. సామాను డిక్కీలో పడేస్తే చాలు, నేరుగా తమ వీధి చివర దింపుతుంది.

నిజానికి తొందర అతనికే ఎక్కువ. నాన్న మంచం పట్టి ఎనిమిది నెలలయింది. రెండు గంటలకోసారి ఆయన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, లేకపోతే వీపు పుళ్ళు పడుతుంది. వదినది స్కూల్లో ఉద్యోగం, పరీక్షల రోజులు, సెలవివ్వరు. అందుకని పదింటికి నాన్నని తిప్పి, కళ్ళజోళ్ళ షాపు తెరవకుండా, కింది వాటాలోని రిటైర్డ్ పోస్టుమాస్టర్ని మంచం పక్కన కూర్చోబెట్టి వచ్చాడు. పోస్టుమాస్టరు పేపరు చదివి వినిపించగలడు గానీ మనిషిని తిప్పలేడు. పన్నెండుకల్లా ఇల్లు చేరాలి.

ఈ ఎనిమిది నెలల్లో ఆమె ఒక్కసారి కూడా రాలేదు. రోజూ ఫోన్ చేసింది. మందుల పేర్లన్నీ అడిగి తెలుసుకుంది. రెండుసార్లు ఏడ్చింది కూడా. కూతురుతనమంతా ఫోన్లోనే వెలగబెట్టింది. ట్రాన్స్‌ఫర్ సంగతి అడిగినప్పుడల్లా కాగితం పైవాళ్ళ దగ్గరే ఉందని చెప్పేది. "దూరాభారం కదమ్మా, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అని అన్నే ఆమెని ఓదార్చేవాడు. ఆ ఓదార్పు తలుచుకుంటే ఆ పూట ఆమెకి అన్నం సహించేది కాదు.

వారం కిందట అతని గొంతు మారింది. "ఇంక నావల్ల కావట్లేదు అమ్మడూ" అన్నాడు. అంత మాట అతని నోట ఎప్పుడూ విన్నది కాదు. పదిరోజులు సెలవు పెట్టి వస్తున్నానని గబగబా చెప్పేసింది. ఎదురు రావద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు, ఇదిగో, వచ్చి నిలబడ్డాడు.

"పోనీ ట్యాక్సీకే వెళదాం" అంది. "లైను తొందరగానే కదులుతోంది."

"ఏమే, నాతో బస్సెక్కడం నామోషీనా?" అని నవ్వి, పెద్ద సూట్‌కేసు ఎత్తబోయాడు. సగంలో నొప్పికి మొహం చిట్లించి చెయ్యి మార్చుకున్నాడు.

భుజానికి ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాడు. నాన్న చిక్కి సగమయ్యాడని చూసినవాళ్ళంతా అంటారు గానీ, ఆ సగం బరువెంతో తిప్పేటప్పుడే తెలుస్తుందట. ఆమెకి ఇంక రైలు మాటెత్తడానికి నోరు రాలేదు. రెండు సూట్‌కేసులూ తనే లాక్కుంటూ బస్సు వైపు నడిచింది.

కిటికీ పక్క సీటు ఆమెకే ఇచ్చాడు. వద్దు, నువ్వే కూర్చోమంది.

"కూర్చోవే. ఊరు చూసి ఎన్నాళ్ళయిందో నీకు."

ఆమె కూర్చుంది. పర్సు ఒళ్ళో పెట్టుకుని దాని జిప్పు వంక చూస్తూ ఉండిపోయింది. విమానంలో ఏమైనా తిన్నావా అని అడిగాడు. తిన్నానంది. పొద్దున్నే లేచి ఇంత ప్రయాణం చేసినా కడిగిన ముత్యంలా ఉన్నావు, నన్ను చూడు, షాపుకొచ్చినవాళ్ళు నా కళ్ళు చూసి నాకే కళ్ళజోడు అమ్మేలా ఉన్నారు, అన్నాడు. ఆమె నవ్వలేకపోయింది.

బస్సు కదిలాక అతను మెల్లగా చెప్పాడు.

"ఈ పదిరోజులూ రాత్రిళ్ళు నువ్వు చూసుకో. నేను ఒకటే నిద్ర పోతాను. మరేం వద్దు నాకు."

"అలాగే అన్నయ్యా" అంది. ఇంకా ఏదో అనాలని నోరు తెరిచింది. ఈలోపు అతని తల ఆమె భుజం మీదికి వాలిపోయింది. చెంపల దగ్గర జుట్టు తెల్లబడింది, చొక్కా రెండో గుండీ ఊడి పిన్నీసు పెట్టి ఉంది. తన మీద తనకే అసహ్యం వేసింది ఆమెకి. ఇతను నిద్ర లేవగానే చేతులు పట్టుకుని క్షమించమని అడగాలి, ఏమన్నా సరే పడాలి అనుకుంది. వంతెన దాటింది, ఆసుపత్రి దాటింది, ఇంకా అనుకుంటూనే ఉంది. ఇంకాసేపు లేవకపోతే బాగుండునని కూడా అనుకుంది.

పెద్ద సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది. ఆ కుదుపుకి అన్న కళ్ళు తెరిచాడు. ఎక్కడున్నామో చూసుకుని, ఆమె మీదుగా వంగి, కిటికీలోంచి ఎదుటి అపార్టుమెంటు చూపించాడు.

"నీ ట్రాన్స్‌ఫర్ రానీ, ఇలాంటి చోట ఇల్లు చూద్దాం. మనింటికి ఇరవై నిమిషాలే. అప్పుడు నాన్నని ఇద్దరం వంతులేసుకుని చూసుకోవచ్చు."

ఆ అపార్టుమెంటులోనే ఏడు నెలలుగా ఆమె అద్దెకుంటున్న మూడో అంతస్తు బాల్కనీలో, పొద్దున తను ఆరేసి వచ్చిన దుప్పటి ఇంకా తడి ఆరనే లేదు.