నలభై ఒకటో నంబరు

“నా అతుకు పగిలిందా? నోరు సంబాళించుకో అమ్మాయ్!”

నెమోటో మేస్త్రీ బల్ల మీద గుద్దిన గుద్దుకి టీ కప్పు ఎగిరిపడింది. ఎదురుగా కూర్చున్న తనిఖీ ఇంజనీరు తత్సుమి తల వంచి, కాగితాలు తడవకుండా పక్కకి జరిపింది. కిటికీ బయట సముద్రం మీద ముసురు. అణు విద్యుత్ కేంద్రం ఆగిపోయి అప్పటికి నలభై రోజులు.

“అతుకు పగల్లేదు మేస్త్రీ గారూ. దాని పక్కనే, వెల్డింగ్ వేడి తగిలినచోట స్టీలు పైపు లోపల చీలింది. వెంట్రుకంత సన్నగా. ఇరవై ఏడు అతుకులు చూశాం. ఇరవై మూడింటి దగ్గర ఇదే వరస.”

ఈ తీరంలో వెల్డింగ్ చేసేవాళ్ళంతా మేస్త్రీ శిష్యులే. ప్రతి అతుకు పక్కనా వేసినవాడి నంబరు పొడిచి ఉంటుంది. ఒకటో నంబరు ఆయనదే. డెబ్భై తొమ్మిదేళ్ళ వయసులో ఆ మంచి పేరు తప్ప ఆయనకి మిగిలిందేమీ లేదు.

“నావాళ్ళ పని కాదిది. పైపులోకి దూరి, గ్రైండర్‌తో రుద్ది రుద్ది, మొహం కనబడేదాకా మెరిపించందే ఎవణ్ణీ బయటికి రానిచ్చేవాణ్ణి కాదు. ఒక్కడే ఎదురు చెప్పాడు. షిగా గాడు. నలభై ఒకటో నంబరు.”

“ఏమన్నారు?”

“‘లోపల ఎవడు చూస్తాడు మేస్త్రీ? పైపుకేమన్నా పెళ్ళిచూపులా?’ అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. వాడి మాస్కు తీసి బయటికి గిరాటేశా. ‘బద్ధకస్తుడా, మళ్ళీ ఈ గడప తొక్కకు’ అన్నా.”

ఆ తర్వాత షిగాని ఎవరూ పనికి పిలవలేదు. మేస్త్రీ వెళ్ళగొట్టినవాణ్ణి పిలిచే ధైర్యం ఎవరికుంది? రేవులో పడవల అడుగున నాచు గీక్కుంటూ బతికాడు, కిందటి చలికాలంలో పోయాడు. చావుకి కూడా మేస్త్రీ వెళ్ళలేదు. అంత పంతం మనిషికి.

“వాడివి నాలుగు అతుకులున్నాయి. ఈ తెగులు అక్కణ్ణించే మొదలై ఉంటుంది. రిపోర్టులో వాడి పేరు రాయండి. రాసి తీరాలి!”

“రాశాం మేస్త్రీ గారూ.”

“రాశారా!” ముసలాయన మొహం విప్పారింది. మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. “ఏదీ, చదువు. గట్టిగా చదువు, నాకు చెవుడు.”

తత్సుమి అడుగునున్న కాగితం పైకి తీసింది. ఆయన అడిగినట్టే గట్టిగా చదివింది.

“‘గ్రైండర్‌తో గట్టిగా రుద్దిన చోటల్లా స్టీలు పైపొర బిరుసెక్కింది. వేడినీళ్ళు తగిలి అక్కడే తుప్పు మొదలై, లోపలికి చీలింది. పగులు లేనివి నాలుగే అతుకులు. ఆ నాలుగూ మెరుగు పెట్టకుండా వదిలేసినవి. వేసినవారు: నలభై ఒకటో నంబరు, షిగా గారు.’”