నొప్పి ఎరగని దేవుడు

“ఆ సూది నా ఒంటికి తగలడానికి వీల్లేదు. చెప్పానా లేదా?”

పెద్దయ్యగారు పళ్ళ బిగువున అన్న ఆ మాట, తెరిచి ఉన్న తలుపులోంచి ముందుగది దాకా వినిపించింది. అక్కడ చాపల మీద కిక్కిరిసి కూర్చున్న ఆయన సంఘమంతా “స్తోత్రం” అంది. ఎముకల్లోకి పాకిన క్యాన్సరుతో మంచాన పడి కూడా మందు ముట్టని మనిషిని చూస్తే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది మరి.

మంచం పక్కన సూదిమందు పట్టుకుని నిలబడ్డ తమ్ముడికి మాత్రం ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ గడప తొక్కాడు. “మందు వద్దంటున్నారు బాబూ. నీ మాటైతే వింటారేమో. మీవాళ్ళందర్నీ కూడా వెంటబెట్టుకుని రా” అని వదిన ఫోన్ చేస్తే, ఉన్నపళంగా పరిగెత్తుకొచ్చాడు.

“తలుపు వేయనా అన్నయ్యా?”

“వద్దు. గాలాడదు.”

ఒక తల్లి కడుపున పుట్టి, ఒకే మందిరంలో వాక్యం చెప్పిన అన్నదమ్ములు ఉప్పూ నిప్పూ అయింది ఒకే ఒక్క ప్రశ్న మీద. సిలువ మీద ప్రభువుకు నొప్పి తెలిసిందా, లేదా? దేవుడికి నొప్పేమిటి, ఉన్నట్టు కనిపించిందంతే అంటాడు అన్న. దేవుడే, కానీ నిండా మనిషి కూడా అయ్యాడు, మనలాగే విలవిల్లాడాడు అంటాడు తమ్ముడు. ఆ మాటన్నందుకు అన్నే అతన్ని సంఘంలోంచి వెలివేశాడు. టైర్ల కొట్టు వెనక రేకుల షెడ్డులో తమ్ముడు వేరే సంఘం పెట్టుకున్నాడు. అటువాళ్ళకీ ఇటువాళ్ళకీ కుదిరిన పెళ్ళిళ్ళు చెడిపోయాయి. ఆఖరికి చావులకు కూడా ఒకరింటికొకరు వెళ్ళడం మానేశారు.

“సిలువకు ముందురాత్రి తోటలో ఆయనకు చెమటలు పోశాయి కదన్నయ్యా. స్నేహితుడు పోతే ఏడ్చాడు. సిలువ మీద దాహమన్నాడు. దాహం వేసినవాడికి నొప్పి పుట్టదా?”

“మనకోసం అలా అగుపించాడురా. మనలాగే మూలిగే దేవుడు నన్నేం రక్షిస్తాడు? మునిగిపోయేవాడికి ఇంకో మునిగిపోయేవాడు చెయ్యిస్తే ఏం లాభం?”

“ఒడ్డున నిలబడి చూసేవాడి వల్ల మాత్రం ఏం లాభం? నీళ్ళలోకి దిగాలి కదా.”

“దిగుతాడు. తడవడు.”

తమ్ముడికి అంత బాధలోనూ నవ్వొచ్చింది. చిన్నప్పుడూ ఇంతే, ఈ మహానుభావుడితో మాటల్లో ఎవడూ నెగ్గేవాడు కాదు.

అంతలోనే పెద్దాయన ఒళ్ళు మెలితిరిగింది. దుప్పటి గుప్పిట పట్టి “అమ్మా” అని మూలిగాడు. వదిన గోడకేసి తిరిగిపోయింది. తమ్ముడు మంచం దగ్గర కూలబడ్డాడు.

“నీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్కటంటే ఒక్క సూది.”

“వేయించుకుంటే నువ్వు చెప్పిందే నిజమని వాళ్ళందరి ముందూ ఒప్పుకున్నట్టే. చస్తే చస్తాను.”

“మరి నేనేం చేస్తే వేయించుకుంటావు?”

పెద్దాయన కళ్ళు తెరిచాడు. “నీ మాట వెనక్కి తీసుకో. సంఘం ముందు.”

తమ్ముడు గుమ్మం వైపు చూశాడు. ఆ సంఘాల్లో ఒక కట్టుబాటుంది. చెప్పిన బోధను గుమ్మంలో నిలబడి వెనక్కి తీసుకున్నవాడు ఇక జన్మలో వాక్యం చెప్పకూడదు. చచ్చేదాకా ఆఖరి వరసలో కూర్చుని వినాల్సిందే. అది పోతే పోనీ. ముందుగదిలో ఓ మూల అతని సంఘంలోని దర్జీ ఆవిడ కూర్చుని ఉంది. ఉన్న ఒక్క బిడ్డా పోయి గోడకు తల బాదుకుంటుంటే, “నీ ఏడుపు ఆయనకు తెలుసమ్మా, ఆయనా ఏడ్చినవాడే” అని చెప్పి ఆమెను బతికించుకున్నాడు. ఇప్పుడామెకు ఏ మొహం చూపించాలి?

మళ్ళీ మూలుగు వినిపించింది. తమ్ముడు లేచాడు.

వదిన చటుక్కున అతని చొక్కా పట్టుకుంది. “వద్దు బాబూ.”

“రమ్మన్నది నువ్వే కదా వదినా?”

ఆవిడ ఏదో చెప్పబోయింది. మంచం మీంచి దగ్గు వినబడేసరికి చెయ్యి వదిలేసింది.

తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు. “ప్రభువుకు నొప్పి తెలియదు. నేను చెప్పింది తప్పు.”

“వెనకవాళ్ళకు వినబడలేదు అయ్యగారూ” అన్నాడు అన్నగారి సంఘంలోని ఓ పెద్దమనిషి, చాలా మర్యాదగా.

గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు. అన్న సంఘం స్తోత్రాలతో ఇల్లు దద్దరిల్లింది. దర్జీ ఆవిడ కాసేపు అతని మొహంలోకే చూసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనకే షెడ్డు సంఘం మొత్తం లేచింది. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు.  తమ్ముడు కళ్ళు తుడుచుకుని లోపలికొచ్చాడు. అన్న బతికినన్నాళ్ళయినా సుఖంగా నిద్రపోతే అదే చాలనుకున్నాడు.

పెద్దాయన ప్రశాంతంగా పడుకుని ఉన్నాడు. “ఇప్పుడు వేయించుకుంటాను” అన్నాడు మెల్లగా.

అప్పుడే ఒక నర్సు పెరటి తలుపు తోసుకుని లోపలికొచ్చింది. తమ్ముడు ఆమెకు ఎదురెళ్ళి చేతులు జోడించాడు.

“త్వరగా వెయ్యమ్మా. మా అన్నయ్య ఇప్పటికి ఒప్పుకున్నాడు. ఇన్నాళ్ళూ మందు లేకుండా ఎంత నరకం పడ్డాడో.”

నర్సు తెల్లబోయి వదిన వైపు చూసింది. వదిన తల దించుకుంది.

“రోజూ రెండు పూటలా ఆయనే అడిగి వేయించుకుంటారు కదండీ.”